వింత కంట్రోలర్ గురించి మా గేమింగ్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ పేజీ ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చిన్న గేమింగ్ సెంటర్. ఎనిమిది పీసీలు, రెండు ప్లేస్టేషన్లు, కౌంటర్ వెనుక ఒక చెక్క అర. ఆ అరలో ఒక కంట్రోలర్ ఉంటుంది. మామూలు కంట్రోలర్‌కు కుడి బొటనవేలి దగ్గర పుట్టగొడుగులాంటి స్టిక్ ఉంటుంది కదా, దీనికి కుడివైపు నున్నటి గుండ్రటి పలక ఉంటుంది. ఎడమవైపు అలాంటిదే ఇంకొకటి, దాని మీద ప్లస్ గుర్తు చెక్కి ఉంటుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ 2015 నవంబరులో విడుదల చేసిన స్టీమ్ కంట్రోలర్ ఇది. 2019లోనే అమ్మకం ఆపేశారు. అయినా మా దగ్గరకు వచ్చే కుర్రవాళ్లకు ఇది నిన్నగాక మొన్న పుట్టిన వస్తువే. చూసిన ప్రతివాడూ అదే ప్రశ్న అడుగుతాడు, నేను అదే జవాబు మొదలుపెడతాను, ఈలోగా అవతల ఎవరి గంటో అయిపోతుంది. అందుకని రాసి పెట్టాను.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు పెద్దలు. గేమర్ల దగ్గర ఈ సామెత తలకిందులవుతుంది. గ్రాఫిక్స్ కార్డు కొత్తదైతే కళ్లకు అద్దుకుంటారు. కంట్రోలర్ కొత్తదైతే ముఖం చిట్లిస్తారు.

బొమ్మ చూసినప్పుడు జనం ఏమన్నారు?

2013 సెప్టెంబరులో వాల్వ్ మొదటి నమూనా బొమ్మను బయటపెట్టింది. అప్పటికి దాన్ని చేత్తో పట్టుకున్నవాళ్లు కొద్దిమంది, తీర్పు చెప్పినవాళ్లు లెక్కలేనంతమంది. రెండు పెద్ద గుండ్రటి పలకలు రెండు కళ్లలా కనిపించేసరికి గుడ్లగూబ అన్నారు. ఆ పోలిక నిజంగానే సరిపోతుంది. మా అరలో ఉన్నది కూడా లైటు ఆపాక నావైపే చూస్తున్నట్టు ఉంటుంది.

ఆ నమూనాలో ఒక్క స్టిక్ కూడా లేదు. నడుమ చిన్న టచ్‌స్క్రీను, దానికి అటు రెండు, ఇటు రెండుగా ఏ, బీ, ఎక్స్, వై బటన్లు. ఏళ్ల తరబడి కుడి బొటనవేలి కింద ఒకే చోట కాపురం ఉన్న నాలుగు బటన్లను విడదీసి వేరు పెడితే ఎవరికైనా కడుపు మండుతుంది. గుడ్లగూబ అనేది వేళాకోళం. స్టిక్ ఏది, బటన్లు ఎందుకు చెదిరిపోయాయి అన్నది మాత్రం సరైన ఫిర్యాదు. వాల్వ్ ఆ రెండోదాన్ని పట్టించుకుంది. టచ్‌స్క్రీను తీసేసింది, నాలుగు బటన్లను మళ్లీ ఒకచోట చేర్చింది, చివరకు ఎడమవైపు ఒక స్టిక్ కూడా పెట్టింది. 2014లో రావలసింది 2015కు జరిగింది.

మా సెంటర్‌లో వినిపించే మాటలు ఇంతకన్నా సూటిగా ఉంటాయి. “అన్నా, ఇది డ్రోన్ రిమోటా?” “అన్నా, స్టిక్కులు విరిగితే మూత వేశారా?” ఒక ఇంటర్ కుర్రవాడు పలక మీద వేలితో టకటక కొట్టి, స్పీకరు అనుకుని, పాట పెట్టమన్నాడు.

మరి చేతిలోకి తీసుకున్నాక?

ఇక్కడే అసలు తమాషా ఉంది. ఒక డిగ్రీ కుర్రవాడి సంగతి చెబుతాను. స్టిక్కులతో షూటింగ్ గేమ్‌లలో మా సెంటర్‌లో అతనిని ఓడించేవాళ్లు తక్కువ. ఒక మధ్యాహ్నం జనం లేనప్పుడు దీన్ని తీసుకుని కూర్చున్నాడు. కుడి పలక మీద బొటనవేలు పెట్టి, కుడి అంచుకు తోసి, అక్కడే నొక్కి పట్టుకున్నాడు. తెర మీద మనిషి కాస్త తిరిగి ఆగిపోయాడు. ఇతను ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. గోరు తెల్లబడింది. “పని చేయడం లేదన్నా” అన్నాడు.

పని చేస్తూనే ఉంది. స్టిక్ చెప్పేది వేగం. కుడికి వంచి పట్టుకుంటే, వదిలేదాకా తిరుగుతూనే ఉండమని అర్థం. పలక చెప్పేది దూరం. వేలు ఇంత జరిపితే అంతే తిరగమని, మౌస్‌లాగా. ఏళ్ల తరబడి వేగం చెప్పడానికి అలవాటుపడిన వేలు ఒక్కసారిగా దూరం చెప్పలేదు. ఈ చిన్న తేడా చెప్పకుండా ఎవరి చేతిలో పెట్టినా వచ్చే మాట ఒకటే: పాడైపోయింది.

వేలు ఎత్తి మళ్లీ జరపమన్నాను. జరిపాడు. పలక కింద సన్నగా టిక్ టిక్ మంది. జోరుగా విసిరితే వేలు తీసేసిన తరువాత కూడా టిక్ టిక్ మంటూ నెమ్మదిగా ఆగింది, లోపల నిజంగా ఒక బంతి దొర్లుతున్నట్టు. కుర్రవాడు ఆట ఆపి కంట్రోలర్‌ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల బంతీ లేదు, చక్రమూ లేదు. చిన్న విద్యుదయస్కాంతాలు వేలి కదలికకు తగ్గట్టు తడతాయి, అంతే. అరగంట తరువాత గురి కుదిరింది. దూరంగా కిటికీలో నిలబడ్డ శత్రువును రెండుసార్లు వరుసగా కొట్టాడు. తరువాత దాన్ని జాగ్రత్తగా అరలో పెట్టి, తన పాత కంట్రోలర్ తీసుకుని, “బాగుందన్నా, కానీ రేపు మ్యాచ్ ఉంది” అన్నాడు.

వింత కంట్రోలర్ల మీద నేను విన్న సమీక్షలన్నింటిలో నిజాయితీగలది ఇదే.

అదే నెలలో మా అమ్మ భోజనం క్యారియర్ తెచ్చి, నేను చేయి కడుక్కుని వచ్చేలోపు ఆ కంట్రోలర్‌తోనే పేకముక్కల ఆట మొదలుపెట్టింది. ఎవరు నేర్పారమ్మా అంటే, “ఫోనులాగే కదరా” అంది. ఆమె వేళ్లకు మరిచిపోవలసిన పాత అలవాటేదీ లేదు.

రెండు స్టిక్కులే సహజం కదా? సహజమైనదాన్ని ఎందుకు మార్చాలి?

సహజమా? ప్లస్ ఆకారపు బటన్‌ను జపాను ఆటల సంస్థ నింటెండోలో గున్‌పే యోకోయి 1982లో ఒక చేతి ఆటబొమ్మ కోసం రూపొందించారు. అంతకుముందు ఆటలంటే ఎక్కువగా కర్రలాంటి జాయ్‌స్టిక్కులే. రెండు స్టిక్కుల కంట్రోలర్‌ను సోనీ 1997లో ప్లేస్టేషన్‌కు తెచ్చింది. ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు అనే పద్ధతి ఈరోజు మనకు ఊపిరి తీసుకున్నంత మామూలు. 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఒక ఏలియన్ ఆటలో సరిగ్గా ఇదే పద్ధతి పెడితే, పేరున్న ఒక సమీక్షలో ఆటలోని రాక్షసుల కన్నా ఆ కంట్రోలే ఎక్కువ భయపెడుతోందని ఎద్దేవా చేశారు. ఇప్పుడు పలకను చూసి నవ్వుతున్నవాళ్ల చేతుల్లో ఉన్నది, అప్పట్లో జనం నవ్విన ఆ పద్ధతే.

పాత బుల్లెట్ నడిపినవాళ్లకు ఈ బాధ తెలుసు. దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. తరువాత అన్ని బండ్లలాగే గేరు ఎడమకు వచ్చింది. మా మేనమామ కొత్త బండి కొన్న వారంలో బ్రేకు అనుకుని గేరు తొక్కి మలక్‌పేట దగ్గర ఒక ఆటో వెనుక దాకా వెళ్లి ఆగాడు. ఈనాటికీ తప్పు బండిదే అంటాడు.

తెలుగు టైపింగ్ సంగతీ అంతే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రభుత్వ ప్రమాణం. కానీ డీటీపీ సెంటర్లలో యాపిల్ అనే మరో కీబోర్డు లేఅవుట్ మీద చేయి తిరిగిన ఆపరేటర్‌ను మారమని అడిగి చూడండి. ఇన్‌స్క్రిప్ట్ చెడ్డదని అతను అనడు. “నాకు టైము లేదు” అంటాడు. మా కుర్రవాడు చెప్పిన రేపటి మ్యాచ్ లాంటిదే ఇది కూడా.

ఆడలేక మద్దెల ఓడు అనడం కాదా ఇదంతా?

సగం అదే. కానీ కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది. చేయి పెట్టకుండానే తెర మీద మనిషి ఒకవైపుకు జారిపోతుంటే అది ఆటగాడి తప్పు కాదు, స్టిక్ డ్రిఫ్ట్. మామూలు స్టిక్ కింద కార్బన్ పట్టీ మీద ఒక చిన్న లోహపు ముక్క రాసుకుంటూ ఉంటుంది. అరిగినకొద్దీ స్టిక్ నడుమ ఉన్నా లేనట్టు లెక్క చూపిస్తుంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్కుల్లో అయస్కాంతంతో కొలుస్తారు కనుక ఆ రాపిడి ఉండదు. మేము వారానికి ఒక కంట్రోలరైనా విప్పుతాము. కాబట్టి ఎవరైనా మద్దెల ఓడు అంటే ముందు మద్దెల చూస్తాను, తరువాతే మనిషిని.

తిట్టినవాళ్ల మాటే నిజమైన సందర్భాలు ఉన్నాయా?

బోలెడు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో వచ్చిన కంట్రోలర్ ఎంత పెద్దదంటే దానికి డ్యూక్ అని ముద్దుపేరు పడింది. చేతులు చాలడం లేదని జనం మొత్తుకున్నారు. జపాను కోసం 2002లో చిన్నది తయారుచేసి, తరువాత అన్నిచోట్లా దాన్నే ఇచ్చారు. చెయ్యి పట్టనిదాన్ని ఎన్నాళ్లు అలవాటు చేసుకున్నా చెయ్యి పెరగదు కదా. విచిత్రమేమిటంటే 2018లో అదే డ్యూక్‌ను మరో సంస్థ మళ్లీ తయారుచేస్తే, చిన్నప్పటి జ్ఞాపకమని ఎగబడి కొన్నవాళ్లున్నారు.

2005లో సోనీ ప్లేస్టేషన్ 3 కోసం బూమరాంగ్ ఆకారంలో ఒక కంట్రోలర్ చూపించింది. అరటిపండు అన్నారు. మరుసటి ఏడాదికి అది మాయమై పాత ఆకారమే తిరిగి వచ్చింది. అది అమ్మకానికే రాలేదు, కాబట్టి ఆ నవ్వు న్యాయమా అన్యాయమా అన్నది ఎప్పటికీ తేలదు. నాకైతే ఒక్కసారి పట్టుకుని చూడాలని ఇప్పటికీ ఉంది.

నింటెండో 64ది మరో కథ. 1996లో దాని కంట్రోలర్ మూడు పిడులతో వచ్చింది. మనిషికి ఉన్నవి రెండు చేతులే కదా అని నవ్వారు. ఆకారం ఎలా ఉన్నా, అసలు దెబ్బ ఎవరూ ఊహించని చోట తగిలింది. మారియో పార్టీ అనే ఆటలో స్టిక్‌ను గిరగిరా తిప్పవలసిన చిన్న పోటీలు ఉండేవి. పిల్లలు అరచేతితో అదిమి తిప్పి చేతులు బొబ్బలెక్కించుకున్నారు. 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్ జోక్యం చేసుకున్నాక నింటెండో ఉచితంగా చేతి తొడుగులు ఇవ్వవలసి వచ్చింది. బొమ్మ చూసి నవ్వినవాళ్లలో ఒక్కరికైనా ఈ సంగతి తట్టి ఉంటుందా?

నవ్వినవాళ్లు నాలుక కరుచుకున్న సందర్భం?

నింటెండో ఆట యంత్రం వీ (Wii). 2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో అప్పటి నింటెండో అధినేత సతోరు ఇవాటా దాని కంట్రోలర్‌ను చూపించినప్పుడు, ఇది టీవీ రిమోట్ కదా అని జనం అన్నారు. రిమోట్‌లా ఉండడమే దాని బలం. రిమోట్ పట్టుకోవడం రానివాళ్లు ఏ ఇంట్లో ఉంటారు? 2006 చివర్లో వీ విడుదలై పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అయితే ఊపులో కంట్రోలర్ చేతి నుంచి జారి టీవీలకు తగలడం మొదలైంది. మణికట్టు తాడు తెగిపోతుండడంతో అదే డిసెంబరులో 32 లక్షల తాళ్లను మార్చి ఇస్తామని ప్రకటించారు.

మాలాంటి ఫోను ఆటగాళ్లకు ఇదంతా ఎందుకు?

ఎందుకంటే హైదరాబాద్‌లో అన్నింటికన్నా వింత కంట్రోలర్ పట్టు మీ ఫోను ఆటగాళ్లదే. మియాపూర్ మెట్రో ఎక్కి చూడండి. బీజీఎంఐ అనే ఫోను షూటింగ్ గేమ్ ఆడే కుర్రవాడు ఫోనును బోర్లించిన పీతలా పట్టుకుని ఉంటాడు. రెండు బొటనవేళ్లు కింద, రెండు చూపుడువేళ్లు పైనుంచి వంగి. క్లా అంటారు దాన్ని. చెమటకు వేళ్లు జారకుండా గుడ్డ తొడుగులు. ఏ సంస్థ ఇంజినీరూ గీయని డిజైన్ ఇది, ఆటగాళ్ల వేళ్లే కనిపెట్టుకున్నాయి. ఆ పట్టు నేర్చుకోవడానికి వారాలు పట్టిందని వాళ్లే చెబుతారు, మధ్యలో ఆట పాడైపోయిందనీ చెబుతారు. అదే మనిషి నా అరలోని కంట్రోలర్‌కు పది నిమిషాలు ఇచ్చి పనికిరాదు అంటాడు. తేడా ఎక్కడుంది? క్లా నేర్చుకోకపోతే తోటివాళ్ల చేతిలో ఓడిపోతాడు. దీన్ని నేర్చుకోకపోయినా నష్టమేమీ లేదు.

ఏ ఆటలకు బాగుంటుంది, దేనికి వద్దు?

మౌస్ కోసం తయారైన నిదానమైన ఆటలకు హాయిగా ఉంటుంది. సివిలైజేషన్ లాంటివి సోఫాలో వాలి ఆడుకోవచ్చు, మామూలు స్టిక్‌తో అది నరకం. షూటింగ్ గేమ్‌లకు పలకతో పెద్ద మలుపు, కంట్రోలర్‌ను కాస్త వంచి, ఆ వంపును పసిగట్టే గైరోతో చివరి సన్నటి గురి. ఈ రెండూ కలిశాక రుచి తెలుస్తుంది. ఫైటింగ్ గేమ్‌లకు వద్దు. నున్నటి పలక మీద కిందికి, మూలకు, పక్కకు ఎక్కడ మారామో వేలికి తెలియదు. ఫుట్‌బాల్‌కు ఎడమ స్టిక్ చాలు, గొడవ లేదు. మా దగ్గర ఎక్కువమంది ఆడే వాలరెంట్ పీసీలో ఏ కంట్రోలర్‌నూ ఒప్పుకోదు, కనుక ఆ ప్రశ్నే లేదు.

అలవాటు కావడానికి ఎన్నాళ్లు?

రోజుకు అరగంట చొప్పున రెండు వారాలని నా అనుభవం. మొదటి మూడు రోజులు చిరాకు. నాలుగో రోజు పాత కంట్రోలర్ పట్టుకుంటే అదీ కొత్తగా అనిపించి భయం వేస్తుంది, అది మంచి సూచన. సెట్టింగుల జోలికి ముందే వెళ్లకండి. స్టీమ్‌లో దీని ప్రతి బటన్‌నూ, ప్రతి పలకనూ తిరగరాసుకోవచ్చు. ఆ స్వేచ్ఛే చాలామందిని ముంచింది. ఆట తెరిచి, రెండు గంటలు సెట్టింగులు మార్చి, ఆడకుండా ఇంటికి వెళ్లినవాళ్లను చూశాను.

బొబ్బట్టు తిని ఆడవచ్చా?

దయచేసి వద్దు. స్టిక్‌కు నూనె అంటితే తుడిచేయవచ్చు. పలకకు అంటితే వేలు ఒకచోట జారి ఇంకోచోట పట్టేస్తుంది, గురి ఎగిరిపోతుంది. మిరపకాయ బజ్జీ తిన్న చేతులకూ ఇదే మాట. మే నెల ఎండల్లో చెమట కూడా ఇంతే చేస్తుంది, అందుకే కౌంటర్ మీద పొడి గుడ్డ పెట్టాను.

ఇలాంటివన్నీ కేవలం సరదా కోసమేనా?

కాదు. నాకు అన్నింటికన్నా నచ్చిన వింత కంట్రోలర్ మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్. పళ్లెమంత పలక మీద రెండు పెద్ద నల్లటి గుండ్రటి బటన్లు. వెనుక 19 చిన్న సాకెట్లు. మోకాలితో నొక్కే బటన్, పాదం కింద పెడల్, గడ్డంతో కదిపే స్టిక్, ఎవరి శరీరానికి ఏది వీలైతే అది తగిలించుకోవచ్చు. దాని అట్టపెట్టెను కూడా గోళ్లతో, పళ్లతో లాగనవసరం లేకుండా ఉంగరాల్లాంటి పట్టీలు పెట్టి తయారుచేశారు. సోనీ కూడా 2023 డిసెంబరులో ఆక్సెస్ పేరుతో ఇలాంటిది తెచ్చింది.

అడాప్టివ్ కంట్రోలర్ బొమ్మ చూపిస్తే మా సెంటర్‌లో ఒకడు, “దీనితో ఎవడు ఆడతాడన్నా” అన్నాడు. పక్కన కూర్చున్నతను, ఎడమచేతికి మూడే వేళ్లున్నవాడు, తల తిప్పకుండా “నేను” అన్నాడు. ఆ తరువాత కాసేపు కీబోర్డుల చప్పుడే వినిపించింది.

హైదరాబాద్‌లో స్టీమ్ కంట్రోలర్ ఎక్కడ దొరుకుతుంది?

అధికారికంగా మన దేశంలో అమ్మలేదు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు తెచ్చినవే చేతులు మారుతుంటాయి. 2019 నవంబరులో అమెరికాలో మిగిలిన సరుకును ఒక్కొక్కటి 5 డాలర్లకు అమ్మేశారు. ఆ వార్త చదివి నేను పడ్డ బాధ ఇక్కడ రాయను. నాది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక చిన్న దుకాణంలో దొరికింది. అమ్మినాయనకు అదేమిటో తెలియదు, టీవీ బాక్స్ రిమోట్ల మధ్య పెట్టాడు. ఇంటికి వచ్చి చూస్తే పీసీకి తగిలించే రిసీవర్ ముక్క లేదు. అదృష్టవశాత్తు 2018లో వచ్చిన అప్‌డేట్‌తో బ్లూటూత్ కూడా పని చేస్తుంది.

మీరు కొంటే వెనుక మూత తప్పకుండా చూడండి. బ్యాటరీ మూతే వెనుక బటన్లుగా కూడా పని చేస్తుంది. మూత పోతే రెండు బటన్లూ పోయినట్టే.

ఛార్జింగ్ ఎలా?

రెండు పెన్సిల్ సెల్లులు. కిరాణా కొట్టులో దొరుకుతాయి.

కొత్త స్టీమ్ కంట్రోలర్ సంగతి ఏమిటి?

వాల్వ్ 2025 నవంబరులో ప్రకటించింది. అందులో రెండు పూర్తి స్టిక్కులు ఉన్నాయి, వాటి కింద రెండు చదరపు పలకలు ఉన్నాయి. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే వాల్వ్ యంత్రం స్టీమ్ డెక్‌లో కూడా స్టిక్కులు, పలకలు పక్కపక్కనే పెట్టారు. స్టిక్‌ను తీసేసి పలక పెట్టడం ఒక పంతం. స్టిక్ పక్కన పలక పెట్టడం ఒక రాజీ. అలవాటును లాక్కోకుండా పక్కన కొత్తది పెడితే తిట్లు తగ్గుతాయని తెలిసివచ్చినట్టుంది. తెలివైన పనే. కానీ ఆ రాజీలో పాత గుడ్లగూబ మొండితనం పోయింది. స్టిక్ కళ్ల ఎదుటే ఉంటే రెండు వారాలు పలకతో కుస్తీ పట్టేదెవరు?

వచ్చి పట్టుకుని చూడవచ్చా?

రావచ్చు. అరలోనే ఉంటుంది, డబ్బు అడగను. శని, ఆదివారాలు వద్దు, రద్దీ. వారం మధ్యలో మధ్యాహ్నం మూడు లోపు రండి. చేతులు కడుక్కుని రండి. పలకను స్టిక్‌లా నొక్కి పట్టుకోకండి. పాడైపోయిందని చెప్పేముందు ఒకసారి వేలు ఎత్తి మళ్లీ జరపండి.